ముక్కు చుక్కల మీద కూడా రాయున్రి

ఎడిటర్ గారికి నమస్తే,

చలికాలం జలుబుల గురించి మీ పేపర్ల రాసింది చదివిన, మంచిగుంది. గానీ కరోనా టైంల ముక్కు పేషెంట్లకు పట్టిన గతి ఎవ్వరు రాయట్లే. మాది హన్మకొండ. 2020 మార్చిల నాకు ముక్కుల పెరిగిన కండ తీస్తమని డేట్ ఇచ్చిన్రు, సీటీ స్కాన్ కవర్ బీరువల రెడీగ ఉన్నది, ఇంతల లాక్‌డౌన్ పడ్డది, ఆపరేషన్ పాయె. డాక్టర్లను అనను, వైరస్ ఎక్కువ ఉండేదే ముక్కు గొంతులల్ల, కెమెరా గొట్టం లోపలికి పోనిస్తే మనిషి తుమ్ముతడు, డాక్టర్ మొఖమేమో జానెడు దూరంల ఉంటది.

ఫోన్ల డాక్టర్ ఐదు రోజులే వాడుమన్న చుక్కల మందు నేను ఏడాదిన్నర వాడిన. కొట్టుకున్న రెండు నిమిషాలకు ముక్కు తెరుసుకుంటది, మందు పవర్ దిగినంక ముందుకన్నా గట్టిగ బిగుస్తది, మళ్ల కొట్టాలె. దిండు కింద ఒక సీసా, బండి డిక్కీల ఒక సీసా, సగం రాత్రి అయిపోతే అడుగున మిగిలిందాని కోసం సీసాను నేలకేసి కొట్టిన రోజులున్నయ్. చీటీ ఏదని మెడికల్ షాపుల ఒక్కసారి అడగలే.

2021 మేల మా మేనమామకు కరోనా తగ్గింది, షుగర్ ఉన్నది, స్టెరాయిడ్లు వాడిన్రు. చెంప మొద్దుబారింది, ముక్కుల నల్లటి చెక్కు కట్టింది. దావఖానకు పోతే మళ్ల కరోనా అంటుకుంటదని సైనసే అనుకొని నాలుగు రోజులు ఆవిరి పట్టిచ్చినం, అదే మేం చేసిన తప్పు. బ్లాక్ ఫంగస్ అది. అదే నెల 20న మన సర్కార్ దాన్ని నోటిఫై చేసింది, కేస్ కనిపిస్తే ప్రతి దావఖాన చెప్పాల్సిందే అని. ఇక్కడికెళ్లి దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు, హైదరాబాద్ కోఠిల ఉన్న ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) సర్కార్ దావఖానకు పోయినం. ఆ ఫంగస్‌కు ఇచ్చే యాంఫోటెరిసిన్ ఇంజక్షన్ దొరుకుడే గగనం, బంధువులందరి వాట్సాప్ గ్రూపులల్ల అదే మెసేజ్. మామ బతికిండు, పైదవడ ఒక పక్క తీసేసిన్రు, ఇప్పుడు అన్నం మెత్తగ పిసికి పెట్టాలె.

మీ హెల్త్ పేజీల ఇవి రెండు పెద్దక్షరాలల్ల వెయ్యున్రి: ఆ చుక్కలు ఐదు రోజులు దాటి సొంతంగ వాడొద్దు, షుగర్ ఉన్నోళ్లకు చెంప మొద్దుబారినా ముక్కుల నల్లగ కనిపించినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూయించాలె.

నా ఆపరేషన్ 2022ల అయ్యింది. చుక్కలు మానిన మొదటి పది రోజులు నరకం, కూసుండి నిద్రపోయిన. మెడికల్ షాపాయన మాత్రం నన్ను చూడంగనే ఇప్పటికీ ఆ సీసాకే చెయ్యి పెడ్తడు.

– ఒక పాఠకుడు, హన్మకొండ