కరెంటు మంత్రి గారికి: స్తంభం మీద మనిషి ఉన్నప్పుడు స్విచ్ ఎవరి చేతిల ఉంటది?

విద్యుత్ శాఖ మంత్రి గారికి నమస్తే సార్,

మాది పరకాల దగ్గర ఊరు, వ్యవసాయ కుటుంబం. బాపుకు మోకాళ్ళ నొప్పులు, మాటిమాటికి బోరు కాడికి నడవలేడని మొబైల్ స్టార్టర్ పెట్టించినం, మెసేజ్ కొడితే మోటర్ ఆన్ అయితది, ఇంకోటి కొడితే బంద్ అయితది. పోయిన యాసంగిల బాపు ఫోన్ల బంద్ కొట్టి, అదే ధీమాతోని పైపు జాయింట్ విప్పి వాషర్ మారుస్తుంటే ఒక్కసారే మోటర్ ఎత్తుకున్నది, పైపు ఎగిరి మోకాలి చిప్పకు తాకింది. తర్వాత తెలిసిందేందంటే పక్క చేను ఆయన కూడా అదే షాపుల స్టార్టర్ కొన్నడు, రెండు సిమ్ములు ఒకటే వరుస, ఆయన ఒక్క అంకె తప్పు కొట్టిండు, పాస్‌వర్డ్ ఇద్దరిదీ 1234. డబ్బా మూత లోపల స్టిక్కర్ మీద రాసే ఉన్నది, మార్చుకోవాలని మాకు ఎవ్వరూ చెప్పలే.

అది తెలియక జరిగింది సార్. కావాలని చేసేటోళ్ళు కూడా ఉన్నరు.

మా చిన్నబాపు కొడుకు కరెంటు ఆర్టిజన్, అంటే కరెంటు సంస్థల లైన్ మీద పనిచేసేటోడు. పోల్ ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ల కరెంటు బంద్ చేసినమన్న మాట) తీసుకుంటడు, అక్కడి ఆపరేటర్ బ్రేకర్ (ఆ లైన్‌కు కరెంటు ఆపే పెద్ద స్విచ్) తీసి, తమ్ముడు దిగి మళ్ళ ఫోన్ చేసేదాక వెయ్యడు. వాని పాణం ఆ మాట మీదనే ఉంటది. ఇప్పుడు బ్రేకర్లను కంప్యూటర్ మీదికెళ్ళి నడిపే పద్ధతి పెరుగుతున్నది, మంచిదే, ఫాల్టు ఎక్కడున్నదో తొందరగా దొరుకుతది, నేను వద్దంటలేను. కానీ ఆ కంప్యూటర్లకు ఇంకెవడన్న దూరితే ఎట్ల?

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్ల గిదే అయింది. నెలల ముందే ఈమెయిల్ అటాచ్‌మెంట్లతోని కరెంటు ఆఫీసుల నెట్‌వర్క్‌లకు దూరిండ్రు, ఆ రోజు ఆపరేటర్ కండ్ల ముందటనే మౌస్ బాణం దానంతట అదే తిరుక్కుంట బ్రేకర్లు తీసేసింది, దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. రిమోట్‌గ నడిపే పరికరాల సాఫ్ట్‌వేర్ కూడా చెడగొట్టిండ్రు. అయినా కొన్ని గంటల్లనే కరెంటు తిరిగొచ్చింది, ఎందుకంటే సిబ్బంది సబ్‌స్టేషన్లకు ఉరికి చేత్తోని బ్రేకర్లు వేసిండ్రు. చేత్తోని వేసే స్విచ్చి, వెయ్యచ్చిన మనిషి, రెండూ ఉన్నయి అక్కడ.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లనే కరెంటు సంస్థలకు సైబర్ భద్రత గైడ్‌లైన్స్ ఇచ్చింది, దీనికోసం ప్రత్యేకంగ ఒక ఆఫీసర్ ఉండాలని కూడా చెప్పింది. అవి పోల్ ఎక్కేటోని దాక రావాలె సార్. లైన్ మీద మనిషి ఉన్నప్పుడు ఆ ఫీడర్ (సబ్‌స్టేషన్‌ల నుంచి వచ్చే లైన్) బ్రేకర్ రిమోట్‌కు అందకుండ సబ్‌స్టేషన్లనే లోకల్‌ల పెట్టి తాళం వెయ్యాలె, తాళంచెవి లైన్‌మన్ జేబుల ఉండాలె. కాంట్రాక్టు అయిపోయిన కంపెనీ లాగిన్లు అదే రోజు తీసెయ్యాలె. షాపుల అమ్మే స్టార్టర్లు పాస్‌వర్డ్ మార్చనిదే పనిచెయ్యకుండ తయారు చేయించాలె, ఇది మీ ఒక్క శాఖతోని కాకపోతే వ్యవసాయ శాఖతోని మాట్లాడుండ్రి.

ఇంకోటి, ఏబీ స్విచ్‌లు, అంటే పోల్ మీద ఉండి కింద హ్యాండిల్ గుంజి లైన్ బంద్ చేసేటివి. మా దిక్కు సగం తుప్పు పట్టి హ్యాండిల్ కిందికి రాదు, తమ్ముడు కట్టెతోని కొట్టి దించుతడు. కంప్యూటర్ల కోసం టెండర్ పిలిచేటప్పుడు వీటి గ్రీజుకు, కొత్త హ్యాండిళ్ళకు కూడా పైసలు పెట్టుండ్రి, వానలు పడకముందే.

ఇట్లు,
పరకాల దిక్కు ఒక రైతు బిడ్డ