మక్తా బొమ్మల నడక: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

డ్రైనేజీ, వీధిలైట్ల పనుల గురించి మొన్నటి సమావేశంలోనే మాట్లాడుకున్నాం కాబట్టి వాటిని మళ్లీ ఎత్తుకోవడం లేదు. ఎక్కువమంది అడుగుతున్నది ఆదివారం పొద్దుటి బొమ్మల నడక గురించే. అంటే మన పిల్లలు గైడ్లుగా వెంట నడుస్తూ, రుసుము తీసుకుని బయటివాళ్లకు మన గోడల మీది బొమ్మలు చూపించే నడక.

2016లో వీధి గోడల మీద బొమ్మలు వేయించే సంస్థ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు చిత్రకారులను రప్పించి మన గోడల మీద బొమ్మలు వేయించారు. అప్పటి నుంచి ఖైరతాబాద్ పక్కనున్న మన బస్తీ ఎం.ఎస్. మక్తాను బయటివాళ్లు మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు. ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. ఫొటో దిగుతారు, పోతారు. మన హోటల్లో చాయ్ కూడా తాగరు.

"గోడ చూడ్డానికి డబ్బులేంటి?" అని పెద్దలు కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గోడ చూడటం ఎప్పటికీ ఉచితమే. రుసుము తీసుకునేది వెంట నడిచి కబుర్లు చెప్పే మన పిల్లల కోసం. గోడ ఇవ్వడానికి ముందు ఎవరు ఒప్పుకోలేదు, ఎండలో రంగులు వేస్తున్నవాళ్లకు ఎవరింటి నుంచి అన్నం వెళ్లింది, ఇవన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో దొరకవు. బుకింగ్‌లు వస్తున్నది వీటి కోసమే. ఒట్టి గోడల ఫొటోలతో వేసిన పోస్టర్‌కు పెద్దగా ఫోన్లు రాలేదు. గైడ్ల ఫొటో పెట్టి "ఈ గల్లీలో పుట్టి పెరిగినవాళ్లే చూపిస్తారు" అని రాశాక ఫోన్లు మొదలయ్యాయి.

అడిగేవాళ్లు చాలామంది శనివారం రాత్రే అడుగుతారు. ఆ పూటే జవాబివ్వకపోతే తెల్లారి ఇంకెక్కడికో వెళ్లిపోతారు. అందుకే శనివారం సాయంత్రం ఫోన్ దగ్గర ఒకరు ఉండేలా వంతులు వేశాం. యూపీఐలో సగం రుసుము ముందే తీసుకుంటున్నాం. వస్తామని చెప్పి ఎగ్గొట్టే బెడద చాలావరకు తగ్గింది. కార్లు గల్లీల్లో ఇరుక్కుని గొడవలవుతున్నాయి కాబట్టి అందరినీ నెక్లెస్ రోడ్ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గరే కలుస్తున్నాం. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, లలిత కళల యూనివర్సిటీ) లాంటి చోట్ల చదువుకునే పిల్లలకు, హైటెక్ సిటీ ఆఫీసుల టీమ్‌లకు వచ్చే ఏడాది విడిగా కబురు పెట్టాలని అనుకుంటున్నాం. గుంపుగా వస్తే శని, ఆదివారాల మీదే ఆధారపడే టెన్షన్ ఉండదు.

సీజన్ అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకే మొదలుపెట్టినా ఎనిమిదికల్లా ఎండ మాడ్చేస్తుంది. వినాయక చవితికి ఖైరతాబాద్ మహాగణపతి దర్శనానికి నగరమంతా మన పక్కకే వస్తుంది. 1954 నుంచి నడుస్తున్న ఉత్సవం అది. అంత జనం చూసి మనకూ గిరాకీ అనుకున్నారు కొందరు. ఆ పది పన్నెండు రోజులు రోడ్డు దాటడమే కష్టం, నడక ఆపేయడమే నయం.

ఇక ఇళ్లవాళ్ల అభ్యంతరాలు. నీళ్లు వచ్చే వేళ గుమ్మాల ముందు గుంపులు నిలబడుతున్నాయని ఆడవాళ్లు గట్టిగానే చెప్పారు. ఆ వేళకు ఆ గల్లీలోకి వెళ్లకుండా దారి మార్చాం. అడగకుండా మనుషుల ఫొటోలు తీయొద్దని, ముఖ్యంగా పిల్లలవి, బుకింగ్ మెసేజ్‌లోనే రాస్తున్నాం. గుంపు పెద్దదైతే రెండుగా విడగొడుతున్నాం. దీనివల్ల ఒకటి రెండు బుకింగ్‌లు పోయినా సరే అన్నదే కార్యవర్గం అభిప్రాయం.

రంగులు వెలిసిపోతున్నాయి. మేడ మీద మేడ లేచిన చోట కొన్ని బొమ్మలు సగమే మిగిలాయి. ఇల్లు కట్టుకోవద్దని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. అయితే సున్నం వేయించేముందు ఒక మాట చెబితే ఫొటో తీసి దాచుకుంటాం, దారిలో మార్పు కూడా చేసుకుంటాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. గైడ్ల వాటా పోగా మిగిలినది గోడలు ఇచ్చిన ఇళ్ల మరమ్మతులకు వాడాలా, సంఘం నిధిలో కలపాలా అన్నది సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. కొత్తగా గైడ్ పని నేర్చుకోవాలనుకునే పిల్లలు ఈలోగా కార్యదర్శి దగ్గర పేర్లు ఇవ్వండి. ఆడపిల్లలు ముందుకొస్తే మరీ సంతోషం.