4 టీబీ డ్రైవ్ సగమే చూపిస్తోందా? ఏదీ నొక్కకముందు ఇది చదవండి

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో షాపుకొస్తున్న ఫోన్లలో చాలావాటిది ఒకటే గొడవ, "అన్నా, 4 టీబీకి డబ్బులు తీసుకున్నారు, లోపల చూస్తే సగమే ఉంది" అని. స్టూడియోల వాళ్లు, డ్రోన్ వీడియోలు తీసేవాళ్లు, సీసీ కెమెరాలు బిగించే తమ్ముళ్లు అందరూ అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి రాసేస్తున్నా. షాపులో కొన్ని పద్ధతులు కూడా మారుస్తున్నాం.

ముందు డ్రైవ్ పాడైందన్న టెన్షన్ వదిలేయండి. విండోస్ 10, 11లో స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, ఆ డిస్క్ పక్కన 2048 జీబీ ఒక ముక్కగా, పైన నల్ల పట్టీతో "అన్‌అలోకేటెడ్" (ఇంకా ఎవరికీ కేటాయించని చోటు) అని దాదాపు 1678 జీబీ ఇంకో ముక్కగా కనిపిస్తాయి. రెండూ కలిపితే 3726 జీబీ. కంపెనీ వాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అందుకే 4 టీబీ అక్కడ 3.63 టీబీగా కనిపిస్తుంది. ఆ తేడా కోసం మాత్రం నాతో పోట్లాడకండి, దాన్ని తెచ్చివ్వడం ఎవరి తరమూ కాదు.

ఆ నల్ల పట్టీ కింద ఉన్నదాన్ని మాత్రం తేవచ్చు. డ్రైవ్‌ని మొదటిసారి పెట్టినప్పుడు డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే రెండు పద్ధతుల్లో పాతదైన ఎంబీఆర్ కావాలా, కొత్తదైన జీపీటీ కావాలా అని విండోస్ అడుగుతుంది, ఎవరో ఎంబీఆర్ నొక్కి ఉంటారు. అది 1983 నాటి డాస్ కాలం పద్ధతి. అందులో సెక్టార్ (డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి) నంబరు రాసుకోవడానికి 32 బిట్లే చోటు, అంటే సుమారు 429 కోట్ల నంబర్లు, ఒక్కో సెక్టారు 512 బైట్లు. గుణించి చూసుకోండి, సరిగ్గా 2048 జీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీలో ఈ ఇబ్బంది లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జీపీటీకి మార్చే ఆప్షన్ మసకగా ఉండి పని చేయదు, పార్టిషన్లన్నీ (డిస్క్‌లో చేసిన ముక్కలన్నీ) తీసేస్తే గానీ వెలగదు, తీసేస్తే లోపలున్న పెళ్లిళ్లన్నీ పోయినట్టే. యూట్యూబ్ చూసి, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో పార్టిషన్లన్నీ తుడిచేసే "క్లీన్" కమాండ్ కొట్టేసి ఆ తర్వాత మా దగ్గరికి పరిగెత్తుకొస్తున్నారు. డేటా పోకుండా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, చాలాసార్లు పని చేస్తాయి కూడా, కానీ వేరేవాళ్ల పెళ్లి వీడియోల మీద మేం ఆ ప్రయోగం చేయం.

కాబట్టి ఇకనుంచి కొత్త డ్రైవ్ ఏదైనా కౌంటర్ మీదే జీపీటీ చేసి, పూర్తి సైజు మీ కళ్లముందు చూపించి ఇస్తాం. బయట కొన్న ఖాళీ డ్రైవ్ తెచ్చినా ఉచితమే. డేటా ఉన్న డ్రైవ్ అయితే మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, మార్చి, మళ్లీ వెనక్కి వేయాలి, దీనికి చార్జీ ఉంటుంది, గంటలో ఇచ్చేయమని అడగొద్దు. పాత యూఎస్‌బీ 2 పోర్టులో అయితే 2 టీబీ ఒక వైపు కాపీకే పదహారు గంటల దాకా పడుతుంది.

పాత కంప్యూటర్ల వాళ్లకి: విండోస్ 7 నుంచి జీపీటీ డ్రైవ్ డేటాకి బాగానే నడుస్తుంది, పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే పాతరకం ప్రోగ్రామ్) ఉన్న బోర్డు మీద దాంట్లోంచి విండోస్ మాత్రం బూట్ అవ్వదు. మామూలు 32 బిట్ ఎక్స్‌పీకి అసలు అర్థమే కాదు, ఆ సిస్టమ్‌కి పెద్ద డ్రైవ్ నేనైతే అమ్మను.

రెండు ముక్కలు కాకుండా మొత్తం డ్రైవే 1678 జీబీ అని కనిపిస్తే తప్పు మీ పాత డాక్‌ది, అంటే హార్డ్ డిస్క్‌ని గుచ్చి యూఎస్‌బీతో సిస్టమ్‌కి కలిపే పెట్టెది. దాని చిప్‌కి 2 టీబీ దాటితే లెక్క రాదు, మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, డాకే మార్చాలి. అలాంటివి అమ్మడం మేం ఆపేశాం, మిగిలిన రెండు మూడు కూడా పక్కన పడేశాం.

ఇంకోటి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని కేస్‌లోంచి తీసి నేరుగా సిస్టమ్‌కి పెట్టినప్పుడు "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. కొన్ని కేస్‌లు సెక్టారుని 4096 బైట్లుగా చూపిస్తాయి, అందుకే బయటికి తీస్తే చదవడం రాదు, డేటా మాత్రం లోపలే ఉంటుంది. ఆ పాత కేస్ పారేయకుండా డ్రైవ్‌తో పాటు తీసుకురండి.