ఫ్యూజు దాటాక నెట్ మారిపోతుందిరా

ఏరా,

నీ మెసేజ్ చూశాను. సర్క్యూట్ బోర్డు మీద రూటింగంతా (రాగి దారులు గీయడం) అయిపోయిందని, ఇప్పుడు కరెంటు మోసే పవర్ ట్రాకులు ఒక్కొక్కటే సెలెక్ట్ చేసి వెడల్పు పెంచుతున్నానని రాశావే, అది చదివాక మనసు ఊరుకోలేదు. సరిగ్గా ఆ పని చేసే నేనొక బోర్డు కాల్చాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను, పక్కన కైక్యాడ్ (మన బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్) తెరుచుకుని చదువు.

అది మోటార్ డ్రైవర్ బోర్డు, మూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. 35 మైక్రాన్ల రాగితో, బయటి పొర మీద, పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా మూడు ఆంపియర్లు పోవాలంటే బోర్డు డిజైన్ ప్రమాణం ఐపీసీ-2221 లెక్కలో దాదాపు 1.4 మిల్లీమీటర్ల ట్రాకు కావాలి. అందుకని బ్యాటరీ నెట్‌ని, అంటే ఒకదానికొకటి నేరుగా కలిసిన కాళ్ల గుంపుని, పవర్ అనే నెట్ క్లాస్‌లో (ఒకే రూల్స్ వర్తించే నెట్ల గుంపులో) పెట్టి వెడల్పు 1.5 ఇచ్చాను. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ నెట్ కనెక్టర్ దగ్గర మొదలై ఫ్యూజు మొదటి కాలు దగ్గరే అయిపోతుందిరా! రెండో కాలు నుంచి సాఫ్ట్‌వేర్‌కి అది వేరే నెట్. నేను లేబుల్ పెట్టలేదు కాబట్టి దానంతటదే ఏదో పేరు పెట్టేసుకుని డిఫాల్ట్ క్లాస్‌లో పడింది. వెడల్పు కావాల్సిన ట్రాకులు చేత్తో మార్చుకుంటూ పోయిన హడావుడిలో ఫ్యూజుకీ కెపాసిటర్‌కీ మధ్య చిన్న ముక్క 0.2 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోయింది. డీఆర్‌సీ (డిజైన్ రూల్స్ తనిఖీ) నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. బోర్డు మొత్తానికి కనీస వెడల్పు 0.2 చాలని నేనే చెప్పానుగా, దాని ప్రకారం అంతా కరెక్టే. మోటార్‌కి లోడ్ ఇచ్చిన కాసేపటికి ఆ ముక్క మీద ఆకుపచ్చ పూత గోధుమ రంగుకు తిరిగింది, ఆ వాసన ఇంకా గుర్తుంది.

కాబట్టి చేత్తో మార్చడం ఆపెయ్. స్కీమాటిక్‌లోకి (సర్క్యూట్ బొమ్మలోకి) వెనక్కి వెళ్లి, వైరు మీదే నెట్ క్లాస్ లేబుల్ తగిలించు. సెటప్‌లో ప్యాటర్న్ రాసి, ఫలానా అక్షరాలతో మొదలయ్యే నెట్లన్నీ ఫలానా క్లాస్ అని కూడా చెప్పొచ్చు, త్వరగా అయిపోతుంది కూడా. కానీ రేపు నెట్ పేరు మార్చావనుకో, చప్పుడు చేయకుండా క్లాస్ ఊడిపోతుంది. వైరు మీద లేబుల్ ఉంటే కళ్లెదురుగా కనిపిస్తుంది, నాకదే ఇష్టం. ఫ్యూజు, నాయిస్ ఆపే ఫెర్రైట్ బీడ్, కరెంటు కొలిచే షంట్, ఏది దాటినా అవతలి వైపు మళ్లీ లేబుల్ పెట్టు. క్లాక్ లైన్లో వరుసగా వేసే 22 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది చూడు, అక్కడా ఇదే కథ. పొడవు రూలు నెట్‌ని బట్టి కొలుస్తుంది కాబట్టి రెసిస్టర్ అవతల ఉన్న ముక్క లెక్కలోకి రాకుండా పోవచ్చు.

యూఎస్‌బీ డేటా లైన్ల జత గురించి అడిగావు. రెండు నెట్ల పేర్లు ఒకటే ఉండి చివర ప్లస్, మైనస్ ఉండాలి, లేదా పీ, ఎన్. అప్పుడే జతగా రూట్ చేయనిస్తుంది. ఆ జతకి 90 ఓమ్‌ల ఇంపెడెన్స్ రావడానికి ఎంత వెడల్పు, ఎంత ఎడం అనేది బోర్డు పొరల మందాన్ని బట్టి ఉంటుంది, తయారు చేసేవాళ్లని అడిగి ఆ అంకెలే క్లాస్‌లో పెట్టు.

ఇంకోటి, పవర్ క్లాస్‌కి క్లియరెన్స్ (పక్క నెట్ల రాగితో ఉండాల్సిన కనీస ఎడం) 0.5 ఇచ్చానన్నావు. రెండు క్లాసుల మధ్య ఎప్పుడూ పెద్ద అంకే వర్తిస్తుంది. నీ ఐసీ కాళ్ల మధ్య ఎడం దానికంటే చాలా తక్కువ, ఎర్రర్లు కుప్పలుగా వస్తున్నది అందుకే. టెన్షన్ పడి మొత్తం క్లాస్‌లో తగ్గించేయకు. ఆ ఐసీ చుట్టూ రూల్ ఏరియా గీసి, అక్కడికి మాత్రం చిన్న క్లియరెన్స్ చాలని కస్టమ్ రూలు రాయి. కైక్యాడ్‌లో కింద రాసిన రూలుదే పైచేయి, కాబట్టి ఇలాంటి మినహాయింపులు ఫైలు చివర్లో ఉండాలి.

ఇవన్నీ అయ్యాక బోర్డు ఎడిటర్లో నెట్స్ ట్యాబ్ తెరిచి ఒక్కో క్లాస్‌కి ఒక్కో రంగు ఇవ్వు, పవర్‌కి మాత్రం బాగా కొట్టొచ్చే గులాబీ రంగు. పవర్ దారిలో ఎక్కడైనా గులాబీ కనిపించకపోతే అక్కడ లేబుల్ మర్చిపోయావన్నమాట. ఈ ఒక్క పని ముందే చేసుంటే నా బోర్డు దక్కేది.

ఆర్డర్ ఇచ్చేముందు ఫైలు నాకు పంపు, ముందు నీ ఫ్యూజు రెండో కాలు చూస్తాను.

నీ వాడే