విచారణ సేవా సంఘం వార్షిక నివేదిక: జాబితాలో లేనివాళ్ళ కోసం

గౌరవనీయులైన మన విచారణ (పారిష్, అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘం) గురువులకు, సంఘ సభ్యులందరికీ క్రీస్తు ప్రభువు నామమున వందనములు.

ఏటా ఈ నివేదిక ఎన్ని కుటుంబాలకు ఏం ఇచ్చామన్న లెక్కతో మొదలయ్యేది. ఆ లెక్క ఈసారీ ఉంది. కోశాధికారి గారు తయారుచేసిన పట్టీని గుడి నోటీసు బోర్డులో పెట్టాం, చూడండి. ముందుగా చెప్పాల్సింది మాత్రం వేరే ఉంది. మన సాయం అందుకుంటున్న పేర్లు చాలావరకు ఏళ్ళ తరబడి అవే. అడగడం వచ్చినవాళ్ళకు అందుతోంది. అడగలేనివాళ్ళు, అడగడానికి సిగ్గుపడేవాళ్ళు మన జాబితాలోకే రావడం లేదు. అందుకని ఈ ఏడాది కమిటీ పంచడం కంటే వెతకడం మీద ఎక్కువ సమయం పెట్టింది.

ఇది మనకొక్కరికే వచ్చిన ఇబ్బంది కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీస్తే మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది. యెరూషలేములో రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గొణుగుడు మొదలైంది. ఆ పని చూడటానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. స్తెఫను మొదలుకొని నికొలాసు వరకు ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. బహుశా ఫిర్యాదు చేసినవాళ్ళ వైపు నుంచే మనుషులను తీసుకొని వాళ్ళకే పని అప్పగించి ఉంటారు. కొత్త కమిటీ ఎన్నిక దగ్గర పడింది కాబట్టి ఈ సంగతి కావాలనే గుర్తుచేస్తున్నాను.

ఇళ్ళలో ఉన్న రోగులు, వృద్ధులు

ఈ ఏడాది ఎక్కువ పని జరిగింది ఇక్కడే. గుడికి రాలేనివారికి ఆదివార పూజ తర్వాత మన పరిచారకులు దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) తీసుకెళ్తున్నారు. గృహస్థులకు, అంటే గురుపట్టం లేని సామాన్య విశ్వాసులకు, ఈ బాధ్యత అప్పగించే వీలును 1973లో ఆరవ పౌలు పోపు గారి కాలంలో తిరుసభ (కతోలిక సంఘం) విస్తృతంగా కల్పించింది. గురువు ఒక్కరే అన్ని ఇళ్ళకూ వెళ్ళలేరు కదా. అయితే ఆదివారం మధ్యాహ్నానికి అన్ని ఇళ్ళూ ముగించాలన్న హడావిడిలో మన సందర్శనలు తలుపు దగ్గరే అయిపోతున్నాయి. ప్రార్థన, ప్రసాదం, వందనం, ఇంతే. అందుకని ఒక్కొక్కరికి ఇచ్చే ఇళ్ళు తగ్గించి, పరిచారకుల సంఖ్య పెంచమని ఫాదర్ గారిని కోరాం. ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ వారం సువార్త చదివి, కాసేపు కూర్చొని మాట్లాడి రావడానికి వీలవుతోంది.

ఒక ఇంట్లో జరిగింది చెప్పాలి. మంచం పట్టిన తల్లికి ప్రసాదం ఇచ్చాక, ఆమెను చూసుకుంటున్న కూతురు గది బయటే నిలబడిపోయింది. "నేనిప్పుడే తిన్నాను, నాకు వద్దులెండి" అంది. ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు ఉపవాసం ఉండాలన్న నియమం ఆమెకు బాగా గుర్తుంది. తిరుసభ చట్టం 919వ నిబంధన వృద్ధులకు, రోగులకు మాత్రమే కాదు, వారి సేవలో ఉన్నవారికీ ఆ గంట నియమాన్ని సడలించిందని మన పరిచారకురాలు చెప్పారు. ఆ మాట విని ఆ కూతురు లోపలికి వచ్చి తల్లి మంచం పక్కనే ప్రసాదం స్వీకరించింది. ఎన్నో నెలలుగా తల్లిని వదిలి ఆమె పూజకు రాలేదు. మన జాబితాలో తల్లి పేరుంది, కూతురి పేరు లేదు. ఇప్పుడు ప్రతి రోగి పేరు పక్కన చూసుకునేవారి పేరు కూడా రాస్తున్నాం. వాళ్ళు పూజకు రావాలనుకుంటే ఆ గంట సేపు ఇంట్లో కూర్చోవడానికి కొందరు సభ్యులు ముందుకొచ్చారు. నన్నడిగితే ఈ ఏడాది మనం మొదలుపెట్టిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

ఫిబ్రవరి 11, లూర్దు మాత పండుగ రోజున, రోగుల దినం జరుపుకున్నాం. రెండో జాన్ పాల్ పోపు గారు 1992లో ఏర్పాటు చేసిన ఈ దినాన్ని 1993 నుంచి తిరుసభ పాటిస్తోంది. పూజలో రోగులకు అభ్యంగనం (పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) ఇచ్చారు. అభ్యంగనానికి ఫాదర్‌ను పిలిస్తే ఇక ఆఖరి ఘడియ వచ్చినట్టేనన్న భయం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. రోగికి తెలిస్తే బెంగపడతారని పిలవడమే మానేస్తున్నారు, చివరికి స్పృహ పోయాక పరుగెత్తుకొస్తున్నారు. ఈ సంస్కారం చావుబతుకుల మధ్య ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు మీద పడి నీరసించినప్పుడు కూడా అడగవచ్చు. జబ్బు ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. ఇచ్చేది గురువులు మాత్రమే కాబట్టి వీలైనంత ముందే కబురు చేయండి.

విన్సెంట్ డి పాల్ సభ, లీజియన్ ఆఫ్ మేరీ

మొదటిది పేదలకు సాయం చేసే సంఘం, రెండోది ఇళ్ళకు వెళ్ళి పలకరించే సంఘం. ఈ రెండు సంఘాలూ ఒకే వీధికి ఒకే వారం వెళ్ళడం, పక్క వీధికి ఎవరూ వెళ్ళకపోవడం పాత కథ. ఈసారి ఇద్దరినీ కూర్చోబెట్టి పని పంచుకున్నాం. లీజియన్ సభ్యులు తమ నియమం ప్రకారం వస్తు సాయం, డబ్బు సాయం చేయరు. 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ గారు, తోటివారు మొదలుపెట్టినప్పుడు వారి మొదటి పని ఆసుపత్రిలో రోగులను పలకరించడమే. వాళ్ళు ఖాళీ చేతులతో వెళ్తారు కాబట్టి ఏదైనా దొరుకుతుందన్న ఆశ ఎదుటివాళ్ళకు ఉండదు, మాట సూటిగా సాగుతుంది. అలా వెళ్ళినప్పుడు ఎక్కడైనా అవసరం కనిపిస్తే, ఇంటివాళ్ళ అనుమతితో, విన్సెంట్ డి పాల్ సభకు చెబుతున్నారు. పాత జాబితాలో లేని పేర్లు ఎక్కువగా ఈ దారిలోనే తెలిశాయి.

విన్సెంట్ డి పాల్ సభవారు ఎప్పటిలాగే ఇద్దరిద్దరుగా వెళ్తున్నారు. ఏ ఇంటికి ఏం ఇచ్చారో కమిటీకి కూడా పేరుతో చెప్పరు. ఈ గోప్యత మీద ఒకరిద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. నా అభిప్రాయం మాత్రం విన్సెంట్ డి పాల్ సభవారి పక్షమే. సాయం తీసుకున్న మనిషి మరుసటి ఆదివారం మన పక్క బెంచీలో తలెత్తుకొని కూర్చోవాలి కదా. 1833లో పారిస్‌లో ఈ సభను మొదలుపెట్టిన రోజుకు ఫ్రెడరిక్ ఓజనాంకు సరిగ్గా 20 ఏళ్ళు. ఆ కాలేజీ కుర్రాళ్ళకు పేదల ఇళ్ళకు దారి చూపించింది రోజలీ రాండూ అనే కన్యస్త్రీ. మన యువత గాయక బృందంలో చురుగ్గా ఉన్నారు, సంతోషమే. సందర్శనకు రమ్మంటే మాత్రం పరీక్షల టెన్షన్ అంటారు. ఓజనాం కూడా అప్పుడు న్యాయశాస్త్రం చదువుతూనే ఉన్నాడు.

మిగతా కార్యక్రమాలు

ఆత్మీయులను పోగొట్టుకున్న ఇళ్ళకు భూస్థాపన నాడు అందరం వెళ్తాం. ఆ తర్వాత కొన్ని వారాలకు, జనం పలచబడ్డాక వెళ్ళే బృందం ఈ ఏడాదే ఏర్పడింది. ఇంకా నిలదొక్కుకోవాలి.

పేదల దినాన్ని ఫ్రాన్సిస్ పోపు గారు ఏర్పాటు చేశారు. 2017 నుంచి సామాన్య కాలపు (పెద్ద పండుగల కాలాలు కాని రోజుల) 33వ ఆదివారం జరుగుతోంది. ఈసారి పొట్లాలు పంచకుండా అందరం ఒకే బల్ల దగ్గర కూర్చొని భోంచేద్దామనుకున్నాం. మన సభ్యుల్లో చాలామంది చివరిదాకా వడ్డిస్తూనే ఉండిపోయారు, కూర్చోలేదు. ఇవ్వడం మనకు అలవాటే, పక్కన కూర్చోవడానికే మొహమాటం. వచ్చే ఏడాది వడ్డనకు వంతులు వేస్తాం. వంతు లేనివాళ్ళు కూర్చోవాల్సిందే.

నిధులు

ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, కానుక పెట్టెలు నిండిపోతాయి, పండుగ దాటితే ఖాళీ. అవసరాలేమో క్యాలెండర్ చూసి రావు. కాబట్టి నెలనెలా కొంచెం ఇచ్చే పద్ధతికి మారమని మనవి. ఇంకో సంగతి. రోగుల కోసమని వచ్చిన కానుకను తపస్సుకాలపు (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల) కార్యక్రమానికి మళ్ళించమని సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. ఒక పనికని విశ్వాసులు ఇచ్చినది ఆ పనికే వాడాలని తిరుసభ చట్టం 1267వ నిబంధన చెబుతోంది. విచారణ ఆర్థిక మండలి ఖాతాలు చూసింది.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు

కొత్త కమిటీలో సాయం అందుకున్న కుటుంబాల నుంచి, ఈ మధ్యే వచ్చి చేరిన కుటుంబాల నుంచి కనీసం ఒక్కొక్కరు ఉండాలి. దీన్ని సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడుతున్నాం.

పిల్లలున్న ఇంటికి, ఒంటరి వృద్ధుల ఇంటికి ఒక్కరే వెళ్ళకూడదు. ఎంత పాత సభ్యులైనా, ఎంత తెలిసిన ఇల్లయినా ఇదే నియమం. వేధింపుల ఫిర్యాదులు తీసుకోవడానికి అందరికీ అందుబాటులో ఉండే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) ఉండాలని 2019లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆదేశించారు. మన మేత్రాసనంలో ఎవరికి చెప్పాలో ఆ వివరాలు గుడి ద్వారం దగ్గర అంటించాం. వేధింపుల నుంచి రక్షణపై శిక్షణకు హాజరుకాని సభ్యులను సందర్శనలకు పంపం.

మీ వీధిలో పూజకు రావడం మానేసినవారు, మంచాన పడ్డవారు, వారిని చూసుకుంటూ ఇల్లు కదలలేనివారు ఉంటే పేరు రాసి పెట్టెలో వేయండి. ముందు వాళ్ళను అడిగి, ఒప్పుకున్నాకే రాయండి. ఒప్పుకోలేదంటే ఆ పేరు మాకు ఇవ్వకండి, మీరే అప్పుడప్పుడు వెళ్ళి పలకరించి రండి.

ఇట్లు,
కార్యదర్శి, విచారణ సేవా సంఘం