ఎండను పాతరలో దాచవచ్చు

సంపాదకులకు నమస్కారం.

వేసవి వేడిని చలికాలం దాకా దాచడం కుదరని పని అని, కెనడాలో ఒక కాలనీ ఆ ప్రయత్నం చేసి చివరికి మూసేసిందని ఇంజనీరింగ్ చదివే మా మనవడు మొన్న తేల్చేశాడు. ఆ కాలనీని నేను కళ్లారా చూశాను. మూసేసిన మాట నిజం. కుదరలేదన్న మాట మాత్రం నిజం కాదు.

అది కాల్గరీ పక్కన ఒకోటోక్స్ పట్టణంలోని డ్రేక్ ల్యాండింగ్. మొత్తం 52 ఇళ్లు. 2019 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పనిగట్టుకుని వెళ్లాను. గ్యారేజీల కప్పుల మీద వరసగా 800 దాకా సౌర పలకలు. అవి కరెంటు కోసం కాదు, నీళ్లు కాచడం కోసం. పక్కనే ఒక పచ్చిక మైదానం. దాని కింద సుమారు 35 మీటర్ల లోతు దాకా దిగిన 144 బోర్లు. వేసవిలో వేడినీళ్లు నడిమి బోర్లలోకి దిగి అంచుల దాకా పారేవి. చలికాలంలో అంచుల నుంచి నడిమికి తిప్పి, అలా అందుకున్న వేడిని ఇళ్లకు పంపేవారు. కాబట్టి నడుమ వేడి చెదిరేది కాదు. వేసవి ముగిసేసరికి ఆ నేల 80 డిగ్రీల వరకు కాగేది. వంగి పచ్చిక మీద అరచెయ్యి ఆనించి చూశాను, చల్లగా ఉంది. వేడి పైకి పోకుండా అంత దిట్టమైన మూత వేశారు.

నాకు మా తాత జొన్నల పాతర గుర్తొచ్చింది. పాతరలో గోడకు తగిలిన గింజే పాడవుతుంది, నడిమి గింజ నిక్షేపంలా ఉంటుంది. వేడి కూడా అంచుల్లోనే కారిపోతుంది. పాతర ఎంత పెద్దదైతే అంచుల వాటా అంత తక్కువ. అందుకే ఇది ఒక్క ఇంటికి గిట్టదు, ఊరంతటికీ కలిపి చెయ్యాలి. డెన్మార్క్‌లోని వోయెన్స్ పట్టణంలో 2 లక్షల ఘనపు మీటర్ల గుంట తవ్వి వేడినీళ్లు నింపింది ఈ లెక్కతోనే.

డ్రేక్ ల్యాండింగ్ 2007లో మొదలైంది. నేల కాగడానికి కొన్నేళ్లు పట్టింది. 2015-16 చలికాలంలో ఆ ఇళ్లను వెచ్చగా ఉంచడానికి ఎండ వేడి ఒక్కటే సరిపోయింది. మైనస్ 30కి దిగే చోటు అది! 2024లో ఆపడానికి కారణం పరికరాలు పాతబడటం, విడిభాగాలు దొరకకపోవడం. నేల తన పని మానలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సైన్యంలో ఉండగా నేను రెండు చలికాలాలు లేహ్‌లో గడిపాను. గదిలో కిరోసిన్ బుఖారీ, అంటే గదిని వెచ్చబరిచే పొయ్యి. ఆర్పితే తెల్లారేసరికి చెంబులో నీళ్లు గడ్డకట్టేవి. వెలిగించి ఉంచితే పొద్దున ముక్కు చీదిన రుమాలు మసిబారేది. ఆ కిరోసిన్‌ను కనుమలు మూసుకుపోక ముందే వేసవంతా ట్యాంకర్లలో మోయాలి. మోస్తున్నంతసేపూ నెత్తిన చర్మం కమిలే ఎండ!

ఆ ఎండను అక్కడే పాతరేసే పని మన ప్రభుత్వం లేహ్‌లో ఒక ఆసుపత్రితోనో, ఒక బ్యారక్ వరసతోనో మొదలుపెట్టాలి. పంపులు, కవాటాలు మన దేశంలో ఎప్పటికీ దొరికే రకాలే వాడాలి. బోర్ల సంగతంటారా, నీళ్ల కోసం వెయ్యి అడుగులు దింపే మా సీమ బోరుబండ్లకు 115 అడుగులు ఒక పూట పని.

విశ్రాంత సుబేదార్,
ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా