ఆ రూపాయి లెక్క ముందు చెప్పండి

సంపాదకుడికి,

రోడ్లు బాగుపడాలన్నా, బస్సులు పెరగాలన్నా పెట్రోలు, డీజిలుపై పన్ను పెంచక తప్పదని కొందరు వాదిస్తున్నారు. రోడ్డు కోసం పన్ను కట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతో ఇప్పటికే కట్టాం. 2020 సెప్టెంబరులో రోడ్ల అభివృద్ధి సెస్సు అంటూ లీటరుకు రూపాయి వేశారు. పెట్రోలుపై 31 శాతం వ్యాట్, ఆపై లీటరుకు మరో 4 రూపాయలు అప్పటికే ఉన్నాయి. సెస్సు వల్ల ఏడాదికి 600 కోట్లు వస్తాయని అప్పట్లో అంచనా వేశారు. మా మండలంలో ఏ రోడ్డుకు అందులో ఎంత ఖర్చయిందో ఎవరిని అడిగినా చెప్పలేదు. వానాకాలం వెళ్లాక గుంతల్లో గ్రావెల్ పోసి వెళ్తారు, నెల తిరగకముందే అది దుమ్మై లేచి పక్క ఇళ్లలో పడుతుంది.

ఇంకా పెంచితే ఏమవుతుందో మా ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి పాలనలోది, అక్కడ వ్యాట్ తక్కువ. అక్కడి బంకుల ముందు నిలబడి చూడండి. వరుసలో ఉన్న బైకులు, ఆటోలు, లారీల్లో చాలావాటికి మన రాష్ట్రం నంబర్లే కనిపిస్తాయి. కోనసీమ వాళ్లు ఎదుర్లంక వంతెన దాటి వచ్చి ట్యాంకు నింపుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు తిరిగేది మన రోడ్ల మీదే, పన్ను మాత్రం మన ఖజానాకు రాదు. అంత దూరం వెళ్లలేని వాళ్లే ఇక్కడ పూర్తి ధర కడతారు. పొలం దున్నే ట్రాక్టరు, వరి కోసే యంత్రం రోడ్డెక్కేది ఎంతసేపు? వాటి డీజిలుకూ రోడ్డు సెస్సు పడుతోంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది బస్సు సంగతి. ఆర్టీసీ కూడా డీజిలు కొనేదే. ధర పెరిగినప్పుడు ఆ భారం టికెట్టు మీదికే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు పేరుతో పల్లె వెలుగు టికెట్టుపై 2 రూపాయలు వేశారు, జులైలో దూరాన్ని బట్టి మళ్లీ పెంచారు. రోడ్డును అందరికంటే తక్కువ ఆక్రమించి ఎక్కువమందిని చేరవేసే వాహనం మీద ఇంత భారమా? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది, మంచిదే. అయితే ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ఉదయం కాలేజీ పిల్లలు మెట్ల మీద వేలాడుతూ వెళ్తుంటే చూడలేకపోతున్నాను.

ప్రభుత్వం కొత్తగా ఒక్క పైసా వేసే ముందు 2020 నుంచి వసూలైన సెస్సు ఎంతో, ఏ జిల్లాలో ఏ రోడ్డుకు ఎంత ఇచ్చారో తెలుగులో ప్రకటించాలి. ప్రతి ఆర్‌ అండ్‌ బీ కార్యాలయం ముందు ఆ వివరాలతో బోర్డు పెట్టాలి. ఇకపై ఆ రూపాయిలో సగం పల్లె బస్సులకు కేటాయించాలి. ఆర్టీసీ వాడే డీజిలుకు సెస్సు మినహాయించాలి.

– ఒక పాఠకురాలు,
తాళ్లరేవు, కాకినాడ జిల్లా